ఇంగ్లిష్ క్లాసు షిఫ్టులోనే పెట్టండి

నెల్లూరు చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్లలో ఆడిట్ రోజు ఎలా గడుస్తుందో అక్కడ పనిచేసేవాళ్లను అడిగితే చెబుతారు. విదేశీ కొనుగోలుదారు తరఫున వచ్చిన మనిషి తెల్లకోటు, టోపీ, గమ్ బూట్లు వేసుకుని గ్రేడింగ్ టేబుళ్ల మధ్య తిరుగుతుంటాడు. గోడకు వేలాడే రిజిస్టరు తీసి, గంట గంటకూ రాసిన టెంపరేచర్లు చూస్తాడు. ఆ అంకెలు రాసిన సూపర్‌వైజరమ్మ పక్కనే నిలబడి ఉంటుంది. చేతులు ముంచే నీళ్లలో క్లోరిన్ ఎంత ఉండాలో, గడ్డకట్టిన సరుకు లోపలి భాగం మైనస్ 18 డిగ్రీలకు దిగకపోతే ఏం చేయాలో ఆమెకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. ఆయన ఆమె వైపే తిరిగి ఒక ప్రశ్న వేస్తాడు. ప్రశ్న ఆమెకు అర్థమవుతుంది కూడా. జవాబు కోసం మాటలు కూడగట్టుకునేలోపు, నిరుడే డిగ్రీ ముగించి క్వాలిటీ విభాగంలో చేరిన కుర్రాడు వెనక నుంచి అందుకుంటాడు. ఆమె ఒక అడుగు వెనక్కి వేస్తుంది.

కుర్రాడి తప్పేమీ లేదు. కానీ పదేళ్లుగా పని తెలిసిన మనిషి నోరు విప్పలేకపోవడం, ఆ పని ఇంకా చేతికి రానివాడు ఆమె బదులు చెప్పడం మామూలు విషయంగా తీసుకోవడం మాత్రం తప్పు. ఆడిటర్‌కు కావాల్సిన సమాచారం సగమే చేరుతుంది. రేపు షిఫ్టు ఇన్‌చార్జి పోస్టు ఖాళీ అయితే ఎవరి పేరు ముందుకొస్తుందో వేరే చెప్పనక్కర్లేదు.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఈ దృశ్యం ఒక్క రొయ్యల ప్లాంట్లకే పరిమితం కాదు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ కొనడానికి చైనా నుంచి, ఇటలీ నుంచి మనుషులు క్వారీల దాకా వస్తారు. బ్లాకు మీద నీళ్లు పోసి, ఆరుతున్నప్పుడు కనిపించే గీతను వేలితో చూపించగల మేస్త్రీ, ఆ గీత రాయి లోపలికి పోయిందా పైపైనే ఆగిందా అన్నది మాత్రం చెప్పలేక సైగలు చేస్తాడు. ఆ ఒక్క మాట మీద, లోపం ఉన్నందుకు రాయి కొలతలో ఎంత తగ్గిస్తారన్నది తేలుతుంది, డబ్బు తేలుతుంది. కృష్ణపట్నం రేవుకు వచ్చే ఓడల పనులు చూసే ఏజెన్సీ గుమాస్తాలకూ, కొనుగోలుదారులకు ఉత్తరాలు రాసే ఒంగోలు పొగాకు కంపెనీల ఆఫీసు సిబ్బందికీ ఇదే ఇబ్బంది. 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి ఎక్కినప్పుడు రొయ్యల ఎగుమతిదారులు కొత్త దేశాలు వెతుక్కోవాల్సి వచ్చింది. కొత్త దేశమంటే కొత్త మనిషితో మొదటి ఫోను, మొదటి మెయిలు. ఆ మాటలన్నీ యజమాని ఒక్కడే మాట్లాడలేడు.

ఇంగ్లిష్ అనగానే మనవాళ్లకు వచ్చే టెన్షన్‌కు ఒక కారణం ఉంది. అవతలివాడు దొరలాగా మాట్లాడతాడని, మనమూ అలాగే మాట్లాడాలని అనుకుంటాం. చీమకుర్తికి వచ్చే చైనా వ్యాపారికి ఇంగ్లిష్ మాతృభాషా? ఇటలీ వాడికా? రొయ్యలు కొనే జపాన్ వాడికా? వాళ్లూ మనలాగే నేర్చుకుని, తడుముకుంటూ మాట్లాడేవాళ్లే. ఇద్దరికీ కావాల్సింది పొట్టి వాక్యాలు, స్పష్టమైన అంకెలు, అర్థం కాకపోతే మళ్లీ అడిగే ధైర్యం.

సముద్రం మీద పనిచేసేవాళ్లు దీన్ని ఎప్పుడో గుర్తించారు. ఒకే ఓడలో నాలుగైదు దేశాల వాళ్లుంటారు. మాట పొరపాటు పడితే ఓడలే గుద్దుకుంటాయి. అందుకే అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2001లో ఓడల వాళ్ల కోసం ప్రామాణిక ఇంగ్లిష్ వాక్యాలను ఆమోదించింది. అందులో 150 డిగ్రీలను ‘వన్ ఫైవ్ జీరో’ అని ఒక్కో అంకే విడదీసి పలకాలి. రెండర్థాలు వచ్చే ‘మే’, ‘మైట్’, ‘షుడ్’, ‘కుడ్’ లాంటి మాటలు వాడొద్దంటారు. వినపడకపోతే ‘సే ఎగైన్’ అనాలి. అలా అడగడం అక్కడ నామోషీ కాదు, నియమం. ఇదే పద్ధతి రొయ్యల ఆఫీసులో ఎందుకు పనికిరాదు? పౌండుకు 13 నుంచి 15 రొయ్యలు తూగే కౌంటు ఫోనులో ‘థర్టీన్, ఫిఫ్టీన్’ అని చెబితే అవతలివాడికి ‘థర్టీ, ఫిఫ్టీ’ అని వినపడొచ్చు. అంత పెద్ద రొయ్యకూ అంత చిన్న రొయ్యకూ ధరలో ఎంత తేడా ఉంటుందో గుంట రైతు నడిగినా చెబుతాడు. ‘వన్ త్రీ, వన్ ఫైవ్’ అని పలకడం నేర్పడానికి పది నిమిషాలు చాలు.

తెలుగువాళ్లుగా మనకు ప్రత్యేకంగా తగిలే ఎదురుదెబ్బలు కొన్ని ఉన్నాయి. వాటిని ఏ స్పోకెన్ ఇంగ్లిష్ పుస్తకమూ సరిగా పట్టించుకోదు. ‘శుక్రవారం కల్లా పంపుతాం’, ‘శుక్రవారం దాకా పంపుతాం’ అన్న మాటల తేడా మన పల్లెలో బడికెళ్లని అవ్వకు కూడా తెలుసు. అదే మనిషి మనవడు మెయిలు రాసేటప్పుడు ‘బై ఫ్రైడే’ అనాల్సిన చోట ‘టిల్ ఫ్రైడే’ అని రాసేస్తాడు. కల్లా అంటే బై, దాకా అంటే టిల్ అని తెలుగులో ఒక్కసారి చెబితే జన్మలో మరిచిపోడు. ఇన్నేళ్ల చదువులో ఆ ఒక్క మాట ఎవరూ చెప్పలేదు.

ఇంకోటి ఇంతకన్నా ప్రమాదం. ‘డబ్బు ఇంకా రాలేదా?’ అని అడిగితే మనం ‘అవును, రాలేదు’ అంటాం. ఇంగ్లిష్‌లో రాలేదని చెప్పాలంటే ‘నో’ అనాలి. మనవాడు తెలుగు అలవాటు కొద్దీ ‘యస్’ అని ఊరుకుంటే, వచ్చిందనుకుని అవతలివాడు ఫోను పెట్టేస్తాడు. ఇక ‘యస్ సార్’ సంగతి. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే ‘అలాగే సార్’, ‘ఆ సార్’ అంటూ ఊ కొట్టడం మన మర్యాద. వింటున్నానని మాత్రమే దాని అర్థం. ఫోనులో అవతలున్న కొనుగోలుదారుకు మాత్రం ప్రతి ‘యస్ సార్’ ఒక ఒప్పుకోలే. ధర తగ్గించమన్నప్పుడు ‘యస్ సార్, యస్ సార్’ అని విని, చివర్లో ‘మా సార్‌ను అడగాలి’ అంటే మాట తప్పినట్టే అనిపిస్తుంది. మన మర్యాద వదులుకోమని ఎవరూ అనడం లేదు. ‘మీరు చెప్పింది విన్నాను, రేపు జవాబిస్తాను’ అనే రెండు ముక్కలు ఇంగ్లిష్‌లో చేతికిస్తే చాలు.

ఇవన్నీ నేర్చుకోవాలంటే మనవాళ్లకు ఇప్పుడున్న దారి నెల్లూరు ట్రంకు రోడ్డులోనో, ఒంగోలు కర్నూలు రోడ్డులోనో బోర్డు పెట్టిన కోచింగ్ సెంటర్. ఆ సెంటర్లను తక్కువ చేసి మాట్లాడం. ఎందరో పిల్లలకు అక్కడే మొదటిసారి నోరు తెరిచే అవకాశం దొరికింది. కానీ రాత్రి షిఫ్టు చేసి తెల్లారి ఊరి బస్సు ఎక్కే ఆడమనిషి అక్కడికి ఎప్పుడు వెళ్తుంది? వెళ్లినా అక్కడ నేర్పేది ఇంటర్వ్యూలో తన గురించి తాను ఎలా చెప్పుకోవాలన్నది. సరుకు చెన్నై హార్బరుకు ఆలస్యంగా చేరితే ఏం రాయాలన్నది కాదు. ఫీజు ఆమె జేబులోంచి పోతుంది, లాభం కంపెనీకి వస్తుంది.

ఉద్యోగంలో చేరినవాడికి భాష నేర్పే బాధ్యత ఉద్యోగం ఇచ్చినవాడిదేనన్నది కొత్త మాటేమీ కాదు. ఇదే గడ్డ మీద ఒక కంపెనీ ఆ పని చేసింది. ఈస్టిండియా కంపెనీ 1812లో మద్రాసులో సెయింట్ జార్జి కోట పేరుతో కాలేజీ పెట్టి, ఇంగ్లండు నుంచి కొత్తగా దిగిన కుర్ర ఉద్యోగులకు తెలుగు, తమిళం లాంటి భాషలు నేర్పించింది. మన పండితులను జీతానికి పెట్టుకుంది. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1817లో మద్రాసు చేరి, తెలుగు ఓనమాలు దిద్దిందీ అలాగే. 1820లో కడపలో ఉద్యోగానికి దిగాక, పని చేస్తూనే ఆయన తెలుగు ముదిరింది. కంపెనీ అదంతా మన మీద ప్రేమతో చేయలేదు. శిస్తు వసూలు కావాలి, కచేరీ నడవాలి, దానికి భాష కావాలి. లాభం కోసమే ఆ ఖర్చు పెట్టింది. మన ఎగుమతి కంపెనీలు కూడా లాభం కోసమే పెట్టొచ్చు.

మేము అడుగుతున్నది ఇది. వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, షిఫ్టు టైములోనే, జీతం కోయకుండా క్లాసు పెట్టాలి. పుస్తకం కొననక్కర్లేదు. ఆ ప్లాంటు రిజిస్టర్లు, గత ఏడాది వచ్చిపోయిన మెయిళ్లు, కొనుగోలుదారు పంపిన ఫిర్యాదులు, కంటైనర్ సీల్ నంబర్లు రాసే ఫారాలు, ఇవే పాఠాలు. ధరలు, పేర్లు కొట్టేసి వాడుకోవచ్చు. మన కార్మికులకు మాటలు రాక కాదు. గ్రేడింగ్, ప్యాకింగ్, కౌంటు, లోడింగ్, పాలిషింగ్, స్లాబు, రోజూ నలిగే మాటలన్నీ ఇంగ్లిష్‌వే. వాటిని వాక్యంగా కూర్చడమే రావాలి. పాఠం చెప్పే మనిషికి తెలుగు బాగా వచ్చి ఉండాలి, నెల్లూరు తెలుగు వస్తే మరీ మంచిది. ఇంగ్లిష్ క్లాసులో తెలుగు మాట్లాడితే ఫైన్ వేసే పద్ధతిని మాత్రం గేటు బయటే ఆపేయాలి. క్లాసు జరిగే గదిలో మేనేజర్ కూర్చోకూడదు. పదిమంది ముందు నవ్వులపాలైన మనిషి ఇక నోరెత్తదు.

‘నేర్పితే వేరే ప్లాంటుకు పోతారు’ అని యజమానులు అంటారు. కొందరు పోతారు, నిజమే. ఫోర్క్‌లిఫ్ట్ నేర్చుకున్న డ్రైవరూ పోతున్నాడు. అలాగని ఫోర్క్‌లిఫ్ట్ నేర్పడం ఎవరూ మానలేదు. కంపెనీలు సమాజం కోసం పెట్టే సీఎస్ఆర్ ఖర్చు పద్దులో చూపించొచ్చా అని ఇంకొందరికి ఆలోచన. సొంత ఉద్యోగులకు మాత్రమే ఉపయోగపడే ఖర్చు అందులోకి రాదు. రావాల్సిన పనీ లేదు. యంత్రానికి గ్రీజు పెట్టించడానికి ఏ పద్దులో రాస్తారో ఇదీ అక్కడే రాయాలి.

చిన్నచిన్న పాలిషింగ్ ఫ్యాక్టరీలు తలా ఒక మాస్టారిని పెట్టుకోలేవన్నది మాత్రం మేమూ ఒప్పుకుంటాం. అక్కడ ప్రభుత్వం చేయి వేయాలి. రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ చీమకుర్తిలో నాలుగైదు ఫ్యాక్టరీలకు కలిపి ఒక ఉమ్మడి క్లాసు నడపొచ్చు. నెల్లూరులో విక్రమ సింహపురి, ఒంగోలులో ఆంధ్ర కేసరి విశ్వవిద్యాలయాలున్నాయి. డిగ్రీ పిల్లలు ఎలాగూ ఇంటర్న్‌షిప్ చేయాలి. ఇంగ్లిష్ చదివే విద్యార్థులను రెండు నెలలు ప్లాంట్లకు, క్వారీలకు పంపి, అక్కడ నిజంగా మాట్లాడాల్సి వచ్చే వందో నూటయాభయ్యో వాక్యాలు రాయించుకు రమ్మనండి. గ్రానైట్‌కు ఒక చిన్న పుస్తకం, రొయ్యలకు ఒకటి, రేవు పనులకు ఒకటి, ఎడమ పేజీలో తెలుగు, కుడి పేజీలో ఇంగ్లిష్. రెండు జిల్లాల కలెక్టర్లు పరిశ్రమల వాళ్లను, లెక్చరర్లను ఒక్క రోజు ఒకే టేబులు దగ్గర కూర్చోబెడితే ఇది కదులుతుంది.

ఆ సమావేశానికి సూపర్‌వైజర్లను, మేస్త్రీలను కూడా పిలవాలి. ఏ వాక్యం దగ్గర తమ నోరు ఆగిపోతుందో చెప్పగలిగింది వాళ్లే. తెలుగులోనే చెప్పనివ్వండి.