సంతకం కత్తిరించిన బొమ్మ ఎవరిది?

మొన్న సంక్రాంతికి వాట్సాప్‌లో ఒక బొమ్మ వచ్చింది. చాటతో ధాన్యం తూర్పారపడుతున్న ఆడమనిషి, వెనక ఎర్రటి పొద్దు. ఎవరు గీశారోనని కింద మూల చూశాను. సంతకం ఉండాల్సిన చోట ఏదో షాపు పేరు, ఫోన్ నంబరు ఉన్నాయి. పంపిన తమ్ముణ్ణి అడిగితే "గూగుల్లోదే అన్నయ్యా" అన్నాడు.

చిత్రకారుడు వడ్డాది పాపయ్య పుట్టిన శ్రీకాకుళంలో ఈ మాట వినాల్సి రావడం నాకు బాధనిపించింది. 1921లో ఇక్కడ పుట్టిన ఆయన చందమామ అట్టల మీద 'వపా' అని సంతకం చేసేవారు. అది చూడకుండానే మా పెద్దవాళ్లు ఆ రంగుల్ని బట్టి బొమ్మ ఆయనదని చెప్పేసేవారు. లోపల బేతాళ కథ తీస్తే శంకర్, వారపత్రిక తీస్తే బాపు. నెలనెలా అదే చేతి బొమ్మ ఇంటికి రావడం వల్ల వాళ్ల కన్ను అలా తయారైంది. శైలి ఒక్క బొమ్మలో దొరకదు, పదీ పదిహేను పక్కపక్కన చూస్తేనే పట్టుబడుతుంది. మనం ఫోన్లో రోజుకు వంద చూస్తున్నాం, కానీ అవి వంద చేతులవి.

ఇప్పటి చిత్రకారుల్ని వరసగా చూడటానికి నాకు పిల్లల పుస్తకాలు దారి చూపించాయి. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు పుస్తకాలు ఉచితంగా చదవొచ్చు. రచయిత పేరుతో పాటు బొమ్మలేసినవారి పేరూ ఉంటుంది. నచ్చిన పేరు పట్టుకుని వెతికితే చాలు, ఒకరి చెయ్యి మెల్లగా అర్థమవుతుంది. ప్రియా కురియన్ అయితే కళ్లజోడు కనిపించక అవస్థపడే అమ్మమ్మ కథను ఒక్క మాట లేకుండా బొమ్మలతోనే చెప్పారు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది సీతంపేట ఏజెన్సీ. 2022 దాకా అది మా జిల్లాలోనే ఉండేది. అక్కడి సవర గిరిజనులు ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో తెల్లగా మనుషుల్ని, జంతువుల్ని, చెట్లను, సూర్యచంద్రుల్ని వేస్తారు. పూజతో ముడిపడిన బొమ్మ అది. దాన్ని బయట చూపించినప్పుడు మాత్రం కింద 'గిరిజన కళ' అని రాసి వదిలేస్తాం. వేసిన మనిషికి పేరు లేదా? మధ్యప్రదేశ్ గోండు చిత్రకారుల విషయం చూడండి. చెన్నైలోని తారా బుక్స్ భజ్జూ శ్యామ్, దుర్గాబాయి లాంటి వాళ్ల పేర్లతోనే పుస్తకాలు వేసింది. బొమ్మ లోపలి ఖాళీని నింపే చుక్కలు, గీతలు ఒక్కొక్కరివి ఒక్కోలా ఉంటాయని పాఠకులకు తెలిసింది. భజ్జూ శ్యామ్‌కు 2018లో పద్మశ్రీ వచ్చింది. సవర బొమ్మల్లో అలాంటి తేడాలు ఉన్నాయో లేవో మనం చూడనే లేదు, ఎందుకంటే ఎవరిదని అడగలేదు.

కథకుడు కాళీపట్నం రామారావు, మా కారా మాస్టారు, 1997లో ఈ ఊళ్లోనే కథానిలయం పెట్టి తెలుగు కథలన్నీ ఒకచోట చేర్చే పనికి పూనుకున్నారు. బొమ్మలకూ అలాంటి చోటు ఒకటి కావాలి. ఈలోగా పత్రికలూ వెబ్‌సైట్లూ కథకుడి పేరు పక్కన చిత్రకారుడి పేరు వేస్తే చాలు, అందుకు ఖర్చేమీ లేదు.

ఆ సంక్రాంతి బొమ్మ ఎవరిదో తేలేదాకా ఇంకెవరికీ పంపొద్దని తమ్ముడికి చెప్పాను. ఇంకా వెతుకుతున్నాడు.