పెదవి దాటని పవర్గం

అమెరికా ఉత్తరాన ఉన్న మిన్నెసోటాలో ముప్పై ఏళ్లపాటు ఇంటి ముందు మంచు ఎత్తిపోసిన మనిషి ఉద్యోగ విరమణ తరువాత ఏం కోరుకుంటాడో వేరే చెప్పనక్కరలేదు. నాలుగేళ్లుగా మేమిద్దరం నవంబరు రాగానే అరిజోనా రాష్ట్రపు నైరుతి మూలనున్న యూమా పట్టణానికి చేరి, ఒక ఆర్‌వీ పార్కులో, చక్రాల మీది ఇంట్లో, ఏప్రిల్ దాకా కాపురముంటున్నాము. చలికాలంలో ఈ ఊరి జనాభాను దాదాపు రెట్టింపు చేసే మాబోటి వృద్ధులను ఇక్కడ స్నోబర్డ్స్, అంటే మంచుపిట్టలు, అంటారు. మా గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువులో వచ్చి వాలే కొంగలకూ మాకూ ఉన్న తేడా ఒక్కటే. వాటికి పళ్లుండవు.

మాకుంటాయి, అదే చిక్కు. అమెరికాలో అరవై అయిదు దాటినవారిని ఆదుకునే మెడికేర్ మామూలు పంటి వైద్యానికి పైసా ఇవ్వదు. అందువల్ల యూమా వృద్ధులందరూ పక్కనే సరిహద్దుకు అవతల, మెక్సికోలో ఉన్న లోస్ అల్గొదోనెస్ అనే చిన్న ఊరికి పోతారు. నాలుగు వీధుల్లో వందలమంది దంతవైద్యులున్న ఆ ఊరికి మోలార్ సిటీ, అంటే దవడపళ్ల పట్నం, అనే ముద్దుపేరు కూడా ఉంది. క్వెచాన్ తెగవారి స్థలంలో డబ్బు కట్టి కారు నిలిపి, అయిదు నిమిషాలు నడిస్తే దేశం మారుతుంది. తిరిగి రావడానికి మాత్రం గోడ వెంబడి గంటసేపు వరుసలో నిలబడాలి.

మొన్న జనవరిలో కింది దవడలో ఆ పక్కొకటి, ఈ పక్కొకటి, రెండు పళ్లకు క్యాపులు వేయించుకోవలసి వచ్చింది. రెండుసార్లు రమ్మన్న వైద్యుణ్ణి బతిమాలి, రెండు వైపులా ఒకేరోజు మత్తు సూది వేయించుకున్నది నేనే. పార్కింగు డబ్బు ఒకసారి మిగులుతుందన్న నా లెక్కలో తప్పేమీ లేదు. మిగిలింది కూడా.

తాత్కాలిక క్యాపులతో బయటికి వచ్చేసరికి దాహం వేసింది. అక్కడి బండ్ల మీద 'హమైకా' అనే ఎర్రటి పానీయం అమ్ముతారు. అది ఎర్ర గోంగూర కాయను అంటిపెట్టుకొని ఉండే పుల్లటి రెక్కలను నానబెట్టి, చక్కెర కలిపి చేసేదని తెలిసిన నాటి నుంచి, గుంటూరు జిల్లావాడిగా దాన్ని తాగకుండా రావడం నాకు నామోషీ. పెద్ద గ్లాసు ఒకటి పుచ్చుకొని, ఎండు రెక్కల పొట్లం కూడా కొని, వరుసలో నిలబడి తాగసాగాను. గ్లాసు తగ్గుతున్నదే గాని గొంతు తడవడం లేదని గమనించేసరికి ఆలస్యమైంది. కింది పెదవి ఉన్నదో లేదో తెలియని స్థితిలో తాగినదంతా గడ్డం మీదుగా తెల్ల చొక్కాకు చేరింది.

నాకు పదిమంది ముందు నిలబడిన మా పక్కింటావిడ వెనక్కి తిరిగి చూసింది. ఆమె కెనడాలోని సస్కాచెవాన్ నుంచి వచ్చే విశ్రాంత నర్సు. "అయ్యో, ఎవరు కొట్టారు?" అని కేక వేసింది. ఎవరూ కొట్టలేదని చెప్పబోయాను. పెదవులు కలిస్తే తప్ప ప, ఫ, బ, భ, మ పలకవు. మన పూర్వకవులు కొందరు పనిగట్టుకొని ఆ అక్షరాలు లేకుండా నిరోష్ఠ్య కావ్యాలు రాశారు గాని, నాకు ఆ పాండిత్యం మత్తు సూదితోనే అబ్బింది. నా గొణుగుడు విని ఆమెకు అనుమానం నిర్ధారణ అయింది. ఎవరిదో చక్రాల వాకరు లాక్కొని, దాని సీటు మీద నన్ను కూర్చోబెట్టి, దారి ఇవ్వమని అరుస్తూ నెట్టుకుపోయింది. గంట వరుస పది నిమిషాల్లో గడిచిపోతుంటే నేను గట్టిగా వారించలేదని ఒప్పుకోవాలి.

అధికారి ఏ ఊరని అడిగాడు. మిన్నెసోటా 'ఇన్నెసోటా' అయింది. నోటిమాటతో ఈ సరిహద్దు దాటే రోజులు 2008 జనవరితో పోయి, 2009 జూన్ నుంచి పాస్‌పోర్టు వంటి పత్రం తప్పనిసరి కావడం ఎంత మేలో అప్పుడు తెలిసింది. వెంట ఏం తెస్తున్నారన్నాడు. "గోంగూర" అన్నాను. ఆ మాటలో పవర్గం లేదు కాబట్టి గంట కొట్టినట్టు పలికింది, కాని ఆయనకు తెలుగు రాదు. పొట్లం విప్పి, వాసన చూసి, నా చొక్కా చూసి, "హమైకా!" అని పకపకా నవ్వి, రెండు కాగితపు రుమాళ్లు చేతిలో పెట్టాడు. ఆ రోజు నన్ను సరిగ్గా అర్థం చేసుకున్నవాడు ఆయనొక్కడే.

పక్కింటావిడ ఫోను నాకంటే ముందు పార్కుకు చేరింది. మా ఆవిడ క్లబ్‌హౌసులో మెక్సికన్ ట్రైన్ అనే డామినోల ఆట ఆడుతూ కబురు వినేసరికి అది కత్తిపోటు దాకా ఎదిగిందట. "ఏమండీ, ఏమైందండీ!" అంటూ ఎదురొచ్చి, చొక్కా కాలరు పట్టుకొని, ఒక్క క్షణం ఆగి, ముక్కు దగ్గర పెట్టుకుంది. "ఇది గోంగూర వాసన కదండీ" అంది.

నిజం మా ఇంట్లో తేలినా ఊళ్లోకి వెళ్లలేదు. చీకటి పడేలోగా నాలుగు గిన్నెల మెత్తటి బంగాళదుంప ముద్ద, రెండు రకాల సూపు, 'జెల్లో' అనే ఎర్రటి తీపి జెల్లీ ఒక పళ్లెం మా గుమ్మంలోకి వచ్చాయి. శనివారం పికిల్‌బాల్ అనే బంతాట డబుల్స్ జాబితాలో నా పేరు కొట్టేసి, ఎనభై ఒకటేళ్ల పెద్దాయన పేరు రాశారు. ఆయన గెలిచారు కూడా.

తరువాతి శుక్రవారం, తలా ఒక వంటకం తెచ్చే పాట్‌లక్ విందుకు మా ఆవిడ ఆ పొట్లంలోని రెక్కలతోనే, ఎండుమిరపకాయలు దండిగా వేసి, పచ్చడి నూరి పట్టుకువెళ్లింది. ఇదేమిటని పక్కింటావిడ అడిగితే, మత్తు వదిలిన నోటితో, పవర్గమంతా స్పష్టంగా పలుకుతూ, జరిగినదంతా వివరించాను. ఆమె శ్రద్ధగా వింటూ నిండు చెంచాడు నోట్లో వేసుకుంది. తరువాత ఏదో చెప్పబోయింది గాని, మాట రాక, నీళ్ల కూజా వైపు చెయ్యి చూపింది.