మహారాజశ్రీ ‘మార్చి చూద్దాం’ మెకానిక్ గారి దివ్యసముఖమునకు

తిరుపతి పట్టణంలోని పాత పెట్రోల్ కార్ల యజమానులు నమస్కరించి వ్రాయు విన్నపం. ఇక్కడ ఇంజన్లు తప్ప అందరమూ క్షేమం.

నిన్న మధ్యాహ్నం రేణిగుంట రోడ్డు షెడ్డులో మళ్లీ తమరి దర్శనభాగ్యం కలిగింది. బండి ఎత్తు ఎక్కడం లేదు, పికప్ లేదు, మిస్సింగ్ కొడుతోంది అని మనవి చేసుకుంటే, పూర్తిగా వినే ఓపిక లేక, "ప్లగ్గులు మార్చి చూద్దాం సార్" అని సెలవిచ్చారు. మార్చారు. బానెట్ ఎత్తి నిలబెట్టిన బండికే రెండుసార్లు రేజ్ ఇచ్చి, "స్మూత్‌గా ఉంది, తీసుకుపోండి" అన్నారు. భాకరాపేట ఘాట్ మొదలవగానే మూడో గేరులో అదే జర్క్, పెడల్ అడుగంటా తొక్కినా అదే నత్తనడక. ఖాళీ ట్రేలతో మదనపల్లెకు పోతున్న టమాటా లారీ కూడా హారన్ కొట్టి దాటిపోయింది.

తమరు తీసి నేల మీద పారేసిన ఆ పాత ప్లగ్గులను ఒక్కసారి వెలుతురులో పెట్టి చూసి ఉంటే ఎంత బాగుండేది! కొన లేత కాఫీ రంగులో ఉంటే మిశ్రమం సరిగ్గా ఉన్నట్టు. తెల్లగా పాలిపోయి ఉంటే పెట్రోల్ చాలడం లేదు. పొడిమసి పట్టి ఉంటే పెట్రోల్ ఎక్కువవుతోంది, లేదా స్పార్క్ బలహీనంగా ఉంది. నూనె జిడ్డుంటే రింగులో, వాల్వు సీళ్లో అరిగాయి. డబ్బులు పోసి కొన్న పార్టు కంటే, చెత్తలో వేసిన పార్టే ఎక్కువ సంగతులు చెప్పేది.

సరే, ప్లగ్గుల సంగతి వదిలేద్దాం. తమరి మీద అసలు ఫిర్యాదు ఆ రేజ్ గురించి.

అలిపిరి మెట్లెక్కితే ఆయాసం వస్తోందన్న మనిషిని మంచం మీద పడుకోబెట్టి నాడి చూసి, "నీకేం లేదు, 3,550 మెట్లూ ఎక్కెయ్" అన్నట్టుంది తమరి పరీక్ష. నిలబడిన బండికి, గేరు లేకుండా, ఎంత రేజ్ ఇచ్చినా ఇంజన్ మీద బరువు పడదు. బరువు లేనప్పుడు దానికి కావలసిన పెట్రోల్ చాలా కొద్ది. ఆ కొద్దిపాటిని సగం మూసుకుపోయిన ఫిల్టరూ ఇస్తుంది, ముసలి పంపూ ఇస్తుంది. ఎత్తులో, పై గేరులో, పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు అవసరం అనేక రెట్లవుతుంది. అప్పుడు లైనులో ప్రెషర్ పడిపోతుంది. పాత బండ్లలో చాలావాటి ఈసీయూకి, అంటే ఇంజన్ కంప్యూటర్‌కి, ఆ సంగతి తెలిసే దారే లేదు. ప్రెషర్ సరిగ్గానే ఉందన్న నమ్మకంతో పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్‌ను ఎప్పటిలాగే లెక్కగా తెరుస్తుంది. పెట్రోల్ మాత్రం లెక్కకు తక్కువ పడుతుంది. బండి ఎక్కిళ్లు పెడుతుంది. దిగిరాగానే ఐడ్లింగ్ పట్టు మీద పట్టులా ఉంటుంది. తమరు చూసేదల్లా ఆ ఐడ్లింగే!

ఏం సామీ, ఒక ప్రెషర్ గేజి పెట్టి చూస్తే పోయేదేముండాది? ముందు పంపు ఫ్యూజో రిలేనో పీకి, ఇంజన్ దానంతటది ఆగేదాకా నడిపించు. లైనులో ప్రెషర్ దిగిపోతాది. గుడ్డ అడ్డం పెట్టి పైపు విప్పు, టీ జాయింటు వేసి గేజి బిగించు, పీకింది మళ్లీ పెట్టి స్టార్ట్ చేసి, ఎక్కడా కారలేదని చూసుకో. గేజిని బానెట్ సందులోంచి బయటికి తెచ్చి అద్దం మీద, బయటివైపే టేపుతో అంటించు. లోపలికి తెచ్చేవు, పెట్రోల్ పైపు అది! సిలిండర్‌కో ఇంజెక్టర్ ఉండే చాలా ఎంపీఎఫ్ఐ బండ్లకు 3 బార్ అటూఇటూ ఉంటాది. కచ్చితమైన అంకె ఆ బండి మాన్యువల్లో ఉంటాది, దాన్ని చూసుకో. ప్రెషర్‌ను అదుపులో పెట్టే రెగ్యులేటర్‌కు వ్యాక్యూమ్ గొట్టం ఉన్న బండయితే ఐడ్లింగ్‌లో అర బార్ దాకా తక్కువ చూపి, పెడల్ తొక్కగానే పైకి లేస్తాది. అది రోగం కాదు. ఇప్పుడు ఎత్తు ఎక్కించు. మూడో గేరు, పెడల్ అడుగంటా. పక్కన కూర్చున్నోడు ముల్లునే చూస్తా ఉండాల. ముల్లు పడిపోయిందా, దొంగ పెట్రోల్ లైనులోనే ఉండాడు.

అంతమాత్రాన "పంపు మార్చి చూద్దాం" అని నోరు తెరవకు! ముందు ఫిల్టరు, ట్యాంకులో పంపు కింద జాలీ చూడు. ఇంజన్ నడుస్తుండగా పంపు కనెక్టర్ దగ్గర మల్టీమీటర్ పెట్టు. బ్యాటరీ దగ్గర 14 వోల్టులుండి ఇక్కడ అర వోల్టుకు మించి తగ్గిందంటే తప్పు పంపుది కాదు, చిలుముపట్టిన ఎర్తుదో, కాలిన రిలేదో, వైరుదో. ఆ ఎర్తు మీద ఎంత ఖరీదైన పంపు బిగించినా అదే ఏడుపు.

మన్నించాలి, మర్యాద తప్పాము.

ముల్లు కదలకుండా నిలబడిందనుకోండి, అప్పుడు సైలెన్సర్ వైపు తిరగవచ్చు. ఇంజన్ గాలి పీల్చుకునే మానిఫోల్డ్‌కు తగిలించిన వ్యాక్యూమ్ గేజిలో ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ ఐడ్లింగ్‌లో 17 నుంచి 21 అంగుళాలు (పాదరసం లెక్కన) చూపుతుంది. 2,500 ఆర్‌పీఎం మీద కాసేపు అలాగే పట్టి ఉంచితే ముల్లు నెమ్మదిగా దిగజారుతోందా? పొగ బయటికి పోయే దారి మూసుకుంది, చాలాసార్లు పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టరే. అది ఊరికే కరిగిపోదు. నెలల తరబడి మిస్సింగ్‌తో నడిపితే కాలని పెట్రోల్ వెళ్లి దాని కడుపులో మండుతుంది. ఆ మిస్సింగ్ సంగతి చూడకుండా కొత్తది బిగిస్తే దానికీ అదే గతి.

పెడల్ ఒక్కచోటికి వచ్చినప్పుడే తడబడితే, పెడల్ ఎంత తొక్కారో కంప్యూటర్‌కు చెప్పే థ్రాటిల్ పొజిషన్ సెన్సార్‌ను అనుమానించాలి. పెడల్ తొక్కేకొద్దీ దాని వోల్టేజీ సుమారు అర వోల్టు నుంచి నాలుగున్నర దాకా ఎక్కడా తెగకుండా ఎక్కాలి. ప్లగ్ వైర్ల మీద రాత్రి చీకట్లో నీళ్ల తుంపర కొడితే లీకు నీలంగా మెరుస్తుంది, చెయ్యి పెట్టకుండా చూడాలి. ఆర్‌పీఎం లేచి వేగం లేవకపోతే అది ఇంజనే కాదు, క్లచ్.

ఇక మీ తమ్ముడు స్కానర్ గారు. బండి తన లోపాలను కోడ్లుగా స్కానర్‌కు చెప్పే పద్ధతి, ఓబీడీ-2, దేశంలో తప్పనిసరైంది 2013 ఏప్రిల్ నుంచి. అంతకు ముందరి బండ్లలో చాలావాటికి ఆన్‌లైన్‌లో కొన్న చిన్న అడాప్టర్ పలకనే పలకదు. పలికి "కోడ్ ఏమీ లేదు" అన్నా, రోగం లేదని కాదు. ప్రెషర్ సెన్సారే లేని బండి ప్రెషర్ కోడ్ ఎలా ఇస్తుంది?

మీ కొత్త చుట్టం, "అంతా ఈ20 మహిమ సార్" అనే మాట. ఈ20 అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్‌కు దాని వాటా ఉంది. తేమను పీలుస్తుంది, పాత రబ్బరును చెడగొడుతుంది, ట్యాంకు అడుగున ఏళ్లుగా పేరుకున్న మడ్డిని కదిలించి ఫిల్టర్లోకి తోస్తుంది. అలాగైతే అది గేజిలోనే బయటపడుతుంది కదా! తిట్టి ఊరుకోవడానికి మాత్రం భలే అక్కరకొస్తుంది.

ఒక్క మాట తమరి తరఫున కూడా చెప్పాలి. గేజి పెట్టి చూసినందుకు మూడు వందలు అడిగితే, "చూసినందుకు కూడా డబ్బులా?" అని ఈ ఊళ్లో గొడవకు దిగుతారు. రెండు వేల పార్టు మారిస్తే కిక్కురుమనరు. మరి తమరు గేజి ఎందుకు కొంటారు? తమరిని ఇన్నాళ్లూ పోషిస్తున్నది ఆ మూడు వందల పిసినారితనమే. అది ఇస్తాం. బిల్లులో ‘ప్రెషర్ చెకింగ్’ అని విడిగా రాసి మరీ తీసుకోండి, ఘాట్‌లో ముల్లు ఎంత చూపిందో పక్కన అంకె వేసి.

ఇట్లు,
రేణిగుంట నుంచి భాకరాపేట దాకా తమ బాధితులు

తా.క.: పైపు విప్పేటప్పుడైనా ఆ బీడీ పారెయ్యి సామీ.