ఆ ఫోన్ రావాలంటే ముందు పరిహారం

గోదావరి జిల్లాల్లో తెల్లారగట్ల కోళ్ల షెడ్డులోకి వెళ్లిన రైతు. రోజుకు రెండో మూడో చచ్చేచోట ఇవాళ ముప్పై తలలు వాల్చేశాయి. తురాయిలు నీలంగా మారాయి. వాటిని బస్తాలోకి ఎత్తుతున్నంతసేపూ ఒకటే టెన్షన్: పశువుల డాక్టరుకు ఫోన్ చేయాలా, వద్దా?

బర్డ్ ఫ్లూ ఆగుతుందో పాకుతుందో ఆ ఫోన్ దగ్గరే తేలుతుంది. ల్యాబులు, పీపీఈ కిట్లు, రాపిడ్ రెస్పాన్స్ టీములు అన్నీ దాని తర్వాతే.

2025 ఫిబ్రవరి గుర్తుంది కదా. గోదావరి జిల్లాల్లోని వేల్పూరు, కానూరు అగ్రహారం శాంపిళ్లు భోపాల్ ల్యాబుకు వెళ్లి హెచ్5ఎన్1 అనే బర్డ్ ఫ్లూ వైరస్సే అని తేలేసరికే కోళ్లు కుప్పలుగా పోయాయి. చచ్చినవాటిని కాలువల్లో పారేస్తున్నారని అందరూ రైతుల్ని తిట్టారు. నాకు మాత్రం నోరు రాలేదు. రోగం పాకకుండా ప్రభుత్వం చంపించిన కోళ్లకే పరిహారం, అంతకుముందే రోగంతో చచ్చినవాటికి పైసా రాదు. ఫోన్ చేస్తే మిగిలినవన్నీ గోతిలోకి పోతాయి, నెలల తరబడి షెడ్డు ఖాళీ. దాణా బాకీ, బ్యాంకు వాయిదా మాత్రం ఆగవు. పైగా ‘వీడివల్లే మన కోళ్లూ పోయాయి’ అని పక్క షెడ్లవాళ్ల నిష్ఠూరం. ఇన్ని భరించి ఎవరు చెబుతారు?

చచ్చినవాటికీ డబ్బులిస్తే దొంగలెక్కలు రాస్తారని అధికారుల భయం. రాసేవాళ్లు కొందరుంటారు. 24 గంటల్లో కబురు చేసిన షెడ్డుకే ఇస్తామనండి, డాక్టరే వచ్చి కళ్లారా చూసి లెక్క రాస్తారు.

రాజస్థాన్‌లో 2022లో లంపీ స్కిన్ అనే పశువుల చర్మరోగంతో ఆవులు పోతే పాడి ఆవుకు 40 వేల చొప్పున ఇచ్చారు. మంచి పనే. కానీ చేతికందింది 2023 జూన్‌లో. రోగం పాకుతున్న రోజుల్లో ఆ భరోసా ఎక్కడుంది?

అసలు రైతు మాట నమ్మకపోవడం మన పాలనకు పాత జబ్బు. పంట నష్టం రాసేటప్పుడు, ధాన్యం తేమ చూసేటప్పుడు అబద్ధమాడుతున్నాడనే అనుమానంతోనే మొదలుపెడతారు. అక్కడ మునిగేది రైతు ఒక్కడే. ఇక్కడ అందరం మునుగుతాం. ఆ ఏడాదే పల్నాడులో ఒక పసిబిడ్డ ఈ వైరస్‌తోనే చనిపోయింది.

కలెక్టర్ల దగ్గర ఇప్పుడే నిధి పెట్టండి. గొయ్యి పూడ్చిన వారంలోగా డబ్బు ఖాతాలో పడాలి. కోడికి ఎంతిస్తారో చలికాలం రాకముందే ప్రతి రైతు సేవా కేంద్రం గోడమీద రాయించండి.