అగాపే, ఫీలియో, స్టెప్నీ

మొన్న శుక్రవారానికి దేవుని మీద నా ప్రేమ పదికి ఎనిమిదిన్నర దాకా వచ్చింది. తొమ్మిది వారాల కిందట నాలుగే. గొప్పకు చెప్పడం లేదు, లెక్క ఉంది. మా స్టడీ పుస్తకంలో ప్రతి పాఠం చివర ఒకటి నుంచి పది వరకు అంకెలు వేసి ఉంటాయి. మన ప్రేమ ఏ అంకె దగ్గరుందో అక్కడ సున్నా చుట్టాలి. పెన్నుతో కాదు, పెన్సిల్‌తో. పక్కనున్న బ్రదర్ తొమ్మిది చుట్టాడని కంట్లో పడితే మనది దిద్దుకోవాలి కదా.

మాది తార్నాకలో ఒక సెల్ గ్రూపు, అంటే ఇంట్లో కూడుకుని బైబిలు చదువుకునే చర్చివాళ్ల చిన్న గుంపు. పదకొండు మందిమి. ప్రతి శుక్రవారం రాత్రి ఏడున్నరకు, అంటే ఎనిమిదింబావుకు, ఒక బ్రదర్ గారింట్లో నాలుగో అంతస్తులో కూడుకుంటాం. రాయదుర్గం నుంచి మెట్రోలో నిలబడి వచ్చే ఒక తమ్ముడు సోఫాలో కూర్చోగానే కళ్లు మూస్తాడు. దాన్ని మేం ధ్యానమనే అంటాం. కాకపోతే కిటికీ పక్కన మాత్రం కూర్చోనివ్వం. పౌలు అర్ధరాత్రి దాకా ప్రసంగిస్తుంటే కిటికీలో కూర్చున్న ఐతుకు నిద్రకు తూగి మూడో అంతస్తు నుంచి కిందపడ్డాడని అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయంలో ఉంది. అతన్ని లేపడానికి అక్కడ పౌలు ఉన్నాడు. ఇక్కడ మేమున్నాం.

ఈ గ్రూపు అవసరం ఎందుకొచ్చిందంటే, ఒక ఆదివారం మా పాస్టర్ అయ్యగారు ప్రకటన గ్రంథం రెండో అధ్యాయం తీశారు. ఎఫెసు సంఘం కష్టపడుతోంది, సహిస్తోంది, దొంగ బోధకుల్ని పట్టేసింది. అన్నీ బాగానే ఉన్నాయి. అయినా 'మొదట నీకుండిన ప్రేమను నీవు వదిలితివి' అని దాని మీద ఒక తప్పు మోపబడింది. ఆ వచనం చదివి అయ్యగారు మా బెంచీల వైపు చాలాసేపు చూశారు. మేం వెనక బెంచీల వైపు చూశాం.

చిన్న గుంపులు కొత్తగా పుట్టినవి కావు. 1742లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో మెథడిస్టు బోధకుడు జాన్ వెస్లీ అనుచరులకు మందిరం కట్టిన బాకీ తీర్చే దారి కనబడలేదు. తలకు వారానికి ఒక పెన్నీ వేసుకుందామని, ఒక్కొక్కరు పదకొండు మంది దగ్గర వసూలు చేయాలని ఒకాయన సలహా ఇచ్చాడు. మన భాషలో చిట్టీ డబ్బులకు తిరగడమే. అలా ఇల్లిల్లూ తిరిగినవాళ్లకు ఎవరింట్లో తాగుడు ఉందో, ఎవరింట్లో గొడవలున్నాయో తెలిసింది. వెస్లీ దాన్ని అందుకుని, పైసల వసూలును ఆత్మల బాగోగుల వసూలుగా మార్చేశాడు. మేం ఒక మెట్టు పైకెక్కాం. డబ్బుల ఊసు లేకుండానే ఎవరింట్లో ఏం గొడవో తెలుసుకుంటున్నాం.

దానికి ప్రార్థన అంశాలని పేరు. ఒక సిస్టర్ గొంతు తగ్గించి, "పేర్లు వద్దులెండి, ప్రార్థన కోసమే చెప్తున్నా, ఇది ఈ గది దాటకూడదు" అంటారు. అప్పటిదాకా ధ్యానంలో ఉన్న తమ్ముడు కూడా కళ్లు తెరుస్తాడు. "మన సంఘంలోనే, ఆకుపచ్చ స్కూటీ ఉన్న ఒక సహోదరి..." సంఘంలో ఆకుపచ్చ స్కూటీ ఒక్కటే ఉంది. ఆ సహోదరి కోసం మేం ఇరవై నిమిషాలు వివరాలు సేకరించి రెండు నిమిషాలు ప్రార్థన చేశాం. వివరాలు పూర్తిగా లేకపోతే దేవుడికి ఇబ్బంది.

దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల్లో ఎక్కువ భాగం వీసాలు. చిలుకూరులో మొక్కుకుని, వీసా వచ్చాక 108 ప్రదక్షిణలు చేసే ఎదురు ఫ్లాట్‌వాళ్లను చూసి మేం జాలిపడతాం. మాకు అంత తిరుగుడు లేదు. కూర్చున్నచోటే సాక్ష్యం చెప్పేసి ప్లేటు అందుకుంటాం.

ప్లేటు సంగతి కూడా చెప్పాలి. సువార్తికుడు బఖ్త్‌సింగ్ గారి కాలం నుంచి గోల్కొండ చౌరస్తా దగ్గరి హెబ్రోను మందిరంలో ప్రేమవిందు పేరు పొందింది. ఆరాధన అయ్యాక అందరూ ఒకే భోజనానికి కూర్చోవడం. మాదీ ప్రేమవిందే, కాస్త పోటీ కలిసింది. మొదటి వారం ఉస్మానియా బిస్కెట్లు, టీ. మూడో వారం మిర్చి బజ్జీ. ఏడో వారానికి దమ్ బిర్యానీ వచ్చింది. ఎనిమిదో వారం వంతు వచ్చిన సిస్టర్‌కు ఆ రోజు మధ్యాహ్నం నుంచీ జ్వరం. ఆమె కోసం కూడా ప్రార్థించాం.

ఇక పాఠాలు. ఆరో వారం మొదటి యోహాను పత్రిక వచ్చింది. నాలుగో అధ్యాయం 20వ వచనం: 'తాను చూచిన తన సహోదరుని ప్రేమింపని వాడు తాను చూడని దేవుని ప్రేమింపలేడు.' లీడర్ అన్న గడియారం చూసి, "ఇది చాలా లోతైన వాక్యం, టైమ్ చాలదు, ఇంటి దగ్గర చదువుకోండి" అన్నారు. అందరం 'ఆమేన్' అన్నాం. అంత ఒక్క గొంతుతో మేం పాట కూడా పాడలేదు.

నేను ఆదివారం మెదక్ చర్చికి వెళ్లినప్పుడు ఇదే ఆలోచించాను. కరువు రోజుల్లో జనానికి పని, తిండి దొరకాలని మిషనరీ పోస్నెట్ దొర కట్టించాడని చెప్పుకునే గుడి అది. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగింది. రాళ్లు మోసినవాళ్లకు అన్నం పెట్టారు సరే, వాళ్ల చేత గ్రీకు చదివించారా అని నా సందేహం.

ఎందుకంటే తొమ్మిదో వారం మాకు గ్రీకు వచ్చింది. యోహాను సువార్త 21వ అధ్యాయం. రాత్రంతా వల వేసి వచ్చిన శిష్యులకు ప్రభువు నిప్పుల మీద చేపలు కాల్చి పెట్టి, భోజనమయ్యాక పేతురును మూడుసార్లు అడుగుతాడు, నన్ను ప్రేమించుచున్నావా అని. సాఫ్ట్‌వేర్ బ్రదర్ ఫోన్‌లో యాప్ తెరిచాడు. గ్రీకులో ప్రేమకు అగాపే అంటే ఏమీ ఆశించని ప్రేమట, ఫీలియో అంటే స్నేహం లాంటి ప్రేమట. మొదటి రెండుసార్లు అడిగింది అగాపే మాటతో, మూడోసారి ఫీలియోతో. పేతురు మూడుసార్లూ ఫీలియోతోనే జవాబిచ్చాడు. రెంటికీ పెద్ద తేడా లేదనే పండితులూ ఉన్నారు. వాళ్లను మేం పట్టించుకోలేదు. తేడా లేకపోతే తొమ్మిదిన్నర దాకా ఏం మాట్లాడుకోవాలి? చేపల సంగతి మాత్రం దాటేశాం. అందులో గ్రీకు విశేషం ఏమీ లేదన్నాడు బ్రదర్.

అగాపే దగ్గరుండగా తలుపు చప్పుడైంది. వాచ్‌మన్. "సార్, కింద తెల్ల కారు ఎవరిది? జర తీస్తరా? రెండో ఫ్లోరోళ్ల పాప స్టేషన్‌కి పోవాలంట."

తెల్ల కారు నాది. కానీ అప్పుడే నేను మాట్లాడే వంతు వచ్చింది. "ఐదు నిమిషాలు" అన్నాను.

రెండోసారి వచ్చినప్పుడు అతను ఆయాసపడుతున్నాడు. లిఫ్టు ఉంది గానీ, పనివాళ్లు వాడకూడదని అసోసియేషన్ వాళ్లు బోర్డు పెట్టారు. పద్ధతి అంటే పద్ధతే. "సార్, కారు..." అన్నాడు. ప్రార్థనలో ఉన్నామని సైగ చేశాను. అప్పటికి లేము, కానీ కాసేపట్లో మొదలుపెట్టబోతున్నాం.

మూడోసారి అడిగినందుకు పేతురు వ్యసనపడ్డాడని, అంటే నొచ్చుకున్నాడని, రాసి ఉంది. నాకు ఆ వాక్యం అప్పుడే అనుభవంలోకి వచ్చింది. మూడోసారి అడిగితే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. "వస్తున్నానన్నాను కదయ్యా!" అని అరిచాను. రెండో ఫ్లోర్ వాళ్లు ఆటోలో వెళ్లిపోయారని చెప్పడానికి వచ్చాడట.

ఎనిమిదిన్నర దగ్గర సున్నా చుట్టి, రెండు బజ్జీలు తిని, పదింటికి కిందికి దిగాను. వెనక టైరులో గాలి లేదు. ఎవరు తీశారో అడగనక్కర్లేదు. అపవాది క్రియ. వచ్చే వారం ప్రార్థన అంశాల్లో నాదే మొదట రాయమని అక్కణ్ణుంచే లీడర్ అన్నకు ఫోన్ చేశాను.

వాచ్‌మన్ ఏమీ అనకుండా డిక్కీలోంచి స్టెప్నీ దింపి, జాకీ పెట్టాడు. సెల్లార్‌లో బల్బు మాడిపోయి రెండు నెలలైంది. నేను ఫోన్ టార్చ్ పట్టుకుని నిలబడ్డాను. అతని పేరేమిటో నోటిదాకా వచ్చింది గానీ గుర్తు రాలేదు. తర్వాత తెలిసింది, ఎప్పుడూ అడగలేదని.

అంతలో చూస్తే బ్యాటరీ నాలుగు శాతం. మర్నాటి వాగ్దానం గ్రూపులో పెట్టే వంతు నాది. 'నీ వాక్యము నా పాదములకు దీపము' అన్న వచనం, వెనకాల సూర్యోదయం బొమ్మతో, సాయంత్రమే తయారుచేసి పెట్టుకున్నాను. టార్చ్ ఆపి, అది పంపించాను. పంపిన నిమిషంలో నాలుగు 'ఆమేన్'లు వచ్చాయి. అతను చీకట్లోనే తడుముకుంటూ బోల్టులు బిగించాడు.