గ్లెన్ గూల్డ్‌ని ఐదో నంబరు గదిలో బంధించకండి

మనుషుల స్వభావాలను రకాలుగా విడగొట్టే ఎనియాగ్రామ్ మాటొస్తే, సంగీతకారుల్లో ఐదో రకానికి ఉదాహరణగా తరచూ వినిపించే పేరు కెనడా పియానిస్టు గ్లెన్ గూల్డ్. చూపించే కారణాలూ ఎప్పుడూ అవే. జనానికి జడిసి 31 ఏళ్లకే కచేరీలు మానేశాడు, ఒంటరిగా బతికాడు, వేసవిలో కూడా కోటూ గ్లవ్సూ విప్పలేదు, వాయించింది బుర్రతోనే తప్ప మనసుతో కాదు. ఏళ్లుగా ఆయన రికార్డులు వింటున్న నాకు ఈ మాటలు చదివినప్పుడల్లా బాధేస్తుంది.

ఆస్కార్ ఇచాజో, క్లాడియో నరాన్హో మలిచిన ఈ పద్ధతిలో మనుషులు తొమ్మిది రకాలు. లోకం తనను పిండేస్తుందేమోనని భయపడి, తన సమయాన్నీ శక్తినీ తెలివినీ ఎవరికీ ఇవ్వకుండా దాచుకునేవాడు ఐదో రకం. అతని మూలదోషం లోభం అంటారు. ఈ లోభం అన్న మాట గుర్తుపెట్టుకోండి.

ముందు ఆ జడుపు సంగతి. 1957 మేలో గూల్డ్ మాస్కో వెళ్లాడు. అక్కడ ఆయన పేరు ఎవరికీ తెలియదు. మొదటి కచేరీ సగం హాలుతో మొదలైంది. విరామంలో శ్రోతలు ఫోన్ల దగ్గరికి పరుగెత్తి తెలిసినవాళ్లందరినీ పిలిచారు. రెండో సగానికి హాలు నిండిపోయింది. తర్వాత సంగీత విద్యార్థుల ముందు కూర్చుని ఆధునిక స్వరకర్తలు బెర్గ్, వెబెర్న్‌ల సంగీతాన్ని వివరిస్తూ వాయించాడు. అక్కడి ప్రభుత్వానికి గిట్టని సంగీతం అది. జనమంటే వణికేవాడు ఈ పనికి పూనుకుంటాడా? 1964 ఏప్రిల్ 10న లాస్ ఏంజెలెస్‌లో ఆఖరి కచేరీ చేశాక ఆయన మూల కూర్చోలేదు. రేడియో, టీవీ, స్టూడియో, వ్యాసాలు: చనిపోయేదాకా పని ఆగలేదు. ఆయనకు గిట్టనిది కచేరీలోని పోటీ వాతావరణం, ఎక్కడ తప్పుతాడా అని కాచుకు కూర్చునే చూపులు. మైకు ముందైతే శ్రోత చెవి పక్కనే కూర్చుని వాయించినట్టు ఉంటుందని ఆయన నమ్మకం. 1966లో దీనిమీద పెద్ద వ్యాసమే రాశాడు.

ఒంటరి అన్నమాటలో కొంత నిజముంది, కాదనను. పెళ్లి చేసుకోలేదు. కొందరు స్నేహితులను ఉన్నట్టుండి దూరం పెట్టాడు. కానీ అర్ధరాత్రి ఫోన్ చేసి గంటలకొద్దీ మాట్లాడేవాడు, రాసినవి చదివి వినిపించేవాడు, ఫోన్లోనే పాడేవాడు. అది కూడా దూరమే కదా అంటారు. సరే, అలాగైతే 1967లో కెనడా ఉత్తరాది గురించి ఆయన చేసిన రేడియో కార్యక్రమం వినండి. ఒక నర్సు గొంతు మెల్లగా మొదలవుతుంది. ఆమె మాట పూర్తికాకముందే ఇంకో గొంతు వచ్చి కలుస్తుంది, దానిమీదికి మూడోది. మాటలు ఒకదాన్నొకటి కప్పేస్తాయి, గొంతులు మాత్రం విడివిడిగా తెలుస్తూనే ఉంటాయి. తర్వాత కార్యక్రమం పొడుగునా అడుగున రైలు చప్పుడు. ఒక్కొక్కరితో విడిగా మాట్లాడి, ఆ టేపులు కోసి అతికి, స్వరకర్త బాక్ ఫ్యూగ్ (ఒకే రాగాన్ని పలు గొంతులు ఒకదాని వెంట ఒకటి అందుకునే రచన) అల్లినట్టు అల్లాడు. మనుషుల గొంతుల్ని ఇంత ప్రేమగా విన్నవాడు మనుషులకు దూరమైనవాడా? లోభం సంగతికొస్తే, వీలునామాలో ఆస్తిని పేదలకు సాయపడే క్రైస్తవ సంస్థ సాల్వేషన్ ఆర్మీకీ టొరంటోలోని జంతు సంరక్షణ సంస్థకూ చెరిసగం రాశాడు.

కోటూ గ్లవ్సూ ఏ రకానికైనా సరిపోతాయి. జబ్బు భయమంటే ఆరో రకం, చేతుల విషయంలో అతిజాగ్రత్త అంటే ఒకటో రకం. అన్ని అంకెలకూ సరిపోయే ఆధారం ఏ అంకెనూ నిరూపించదు. ఎనియాగ్రామ్ నేర్పేవాళ్లే చెప్తారు, రకాన్ని తేల్చేది పైకి కనిపించే నడవడి కాదు, లోపలి ప్రేరణ అని. 1982లో పోయిన మనిషి లోపలి ప్రేరణను ఫొటోల్లోని గ్లవ్సు చూసి ఎలా చెప్తాం?

ఇక నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది ఆ బుర్రవాయింపు మాట. 1960లో రికార్డు చేసిన బ్రామ్స్ ఇంటర్‌మెజోలు (చిన్న పియానో రచనలు) విన్నవాళ్లు ఆ మాట అనలేరు. బాక్ రాసిన గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్ సంగతే చూడండి. మొదట వచ్చే ఏరియా (పాటలాంటి భాగం) 32 బార్ల, అంటే 32 తాళపు గళ్ల, చిన్న ముక్క. 1955లో 22 ఏళ్ల కుర్రాడు దాన్ని రెండు నిమిషాల లోపు ముగించేశాడు. 1981లో మళ్లీ రికార్డు చేసినప్పుడు అవే 32 బార్లకు మూడు నిమిషాలు పట్టింది. ఒక్కో స్వరాన్నీ చేతిలో పట్టుకుని, చూసి, వదలలేక వదిలినట్టుంటుంది. ఈ రెండిటిలో ఏది ఐదో రకం?

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే పియానో వెనక సన్నగా ఒక గొంతు వినిపిస్తుంది. వాయిస్తూ తనకు తెలియకుండానే పాడుతున్న గూల్డ్ అది. చిన్నప్పటి అలవాటు, ఇంజనీర్లు ఎంత ప్రయత్నించినా పూర్తిగా తీసేయలేకపోయారు. రెండు రికార్డుల్లోనూ ఉంది.