ఆ పప్పీ అమ్మమ్మ ఎన్నేళ్లు బతికింది?

మా గ్రేట్ డేన్ కుక్క భీముడు ఆరో ఏట పోయాడు. ఆ రాత్రి పదకొండు దాటాక వరండాలో అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టాడు. పడుకుంటాడు, వెంటనే లేస్తాడు. వాంతికి ప్రయత్నిస్తే నురగ తప్ప ఏమీ రాదు. పొట్ట మీద చెయ్యి వేస్తే బిగించిన డప్పులా ఉంది. అజీర్తి అనుకుని వాము నీళ్లు తాగించాం. ఆ గంట అలా చేజారిపోయింది. పొట్ట గాలితో ఉబ్బి మెలితిరిగిపోయిందని డాక్టరుగారి దగ్గరికి చేరాక తెలిసింది. లోతైన ఛాతీ ఉన్న పెద్ద జాతులకు ఈ ప్రమాదం ఎక్కువ, అందులోనూ డేన్‌కి మరీ ఎక్కువ. పొట్టను ముందుగానే లోపలి గోడకు కుట్టేసే ఆపరేషన్ ఉందనీ, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించేటప్పుడే అదీ చేయించుకోవచ్చనీ మాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

వాణ్ని తెచ్చుకునేటప్పుడు బ్రీడర్‌ని మేం అడిగింది ఒక్కటే: “ఎంత ఎత్తవుతాడు?” అందరూ అడిగేదీ అదే. చిన్న జాతి కొనేవాళ్లు “ఎంత చిన్నగా ఉండిపోతుంది?” అంటారు. బ్రీడింగ్‌ని నడిపిస్తున్నవి ఈ రెండు ప్రశ్నలే. ఏ సైజు పిల్లలకు ధర పలికితే వాటి తల్లికే మళ్లీ క్రాసింగ్ చేయిస్తారు.

ఎలుకకన్నా ఏనుగు ఎక్కువ కాలం బతుకుతుంది. కుక్కల్లో మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది. బుల్లి జాతి చువావా 14, 15 ఏళ్లు బతకడం మామూలే. డేన్‌కి 8 నుంచి 10 ఏళ్లు వస్తే నిండు ఆయుష్షు కిందే లెక్క. 2013లో జర్మనీలోని గోటింగెన్ విశ్వవిద్యాలయానికి చెందిన కార్నీలియా క్రౌస్ బృందం 74 జాతుల మరణాల వివరాలు పరిశీలించింది. సగటు బరువు 2 కిలోలు పెరిగితే సుమారు ఒక నెల ఆయుష్షు తగ్గుతోందని తేల్చింది. పెద్ద కుక్కలకు ముసలితనం మరీ ముందుగా ఏమీ రాదు. వచ్చాక మాత్రం చాలా వేగంగా మీద పడుతుంది.

ఎదుగుదల కూడా అంత వేగమే. పుట్టినప్పుడు అరకిలో పైచిలుకు ఉండే డేన్ పిల్ల ఏడాది తిరిగేసరికి 50 కిలోలకు అటూ ఇటూగా ఉంటుంది. ఎముకలు గట్టిపడాలని మన ఇళ్లలో కాల్షియం సిరప్ పాలలో కలిపి పోస్తాం. నేనూ పోశాను. ఆరు నెలల లోపు పిల్లల పేగులు అదనంగా వచ్చే కాల్షియాన్ని ఆపలేవు. అది ఒంటికి పట్టి ఎముకలు వంకర తిరుగుతాయి, కీళ్లు పాడవుతాయి. బొద్దుగా పెంచడమూ చేటే. అమెరికాలో 48 లాబ్రడార్లను జీవితాంతం గమనించారు. పాతిక శాతం తక్కువ తిండి పెట్టినవి తోడబుట్టినవాటికన్నా దాదాపు 2 ఏళ్లు ఎక్కువ బతికాయి.

మరీ చిన్నవాటి కష్టాలు వేరు. అరచేతిలో పట్టాలని ఇంకా కుదించిన పిల్లలకు ఒక పూట తిండి తప్పితే చాలు, రక్తంలో చక్కెర పడిపోయి ఫిట్స్ వస్తాయి. మోకాలి చిప్పలు జారుతాయి. తల్లికి కాన్పు కష్టమై సిజేరియన్ చేయాల్సి వస్తుంది.

అన్నిటికన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇంకొకటి ఉంది. గుండె సాగిపోయి బలహీనపడే జబ్బూ, ఎముక క్యాన్సరూ పెద్ద జాతుల్లో ఎక్కువగా నడివయసులోనే బయటపడతాయి. ఆడకుక్కకి రెండేళ్లకే పిల్లల్ని తీస్తున్నాం. దానికి జబ్బుందని తెలిసేసరికి పిల్లలు ఎన్నో ఇళ్లకు చేరిపోయి, వాటిలో కొన్ని తల్లులు కూడా అయ్యుంటాయి. కుక్కల బ్రీడింగ్, అమ్మకాలపై కేంద్రం 2017లో నిబంధనలు తెచ్చింది. రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్ట్రేషన్ ఉండాలి, 18 నెలలు నిండకుండా క్రాసింగ్ వద్దు, ఏడాదికి ఒక్క కాన్పే, రెండు నెలలు నిండని పిల్లను అమ్మకూడదు. మంచి నిబంధనలే, గట్టిగా అమలు చేయాల్సినవే. కానీ 18 నెలలకు చువావా పూర్తిగా ఎదిగిన కుక్క, డేన్ ఇంకా కండ పట్టని కుర్రది. రెంటికీ ఒకే గీత గీస్తే ఎలా? జాతి కుక్కలను నమోదు చేసే కెన్నెల్ క్లబ్ కాగితాలు వంశం చెబుతాయే గానీ గుండె సంగతి చెప్పవు.

మన కొల్లేరు చుట్టుపక్కల బాతుల మందలు కాసిన జోనంగి జాతి కుక్కని సైజు చూసి ఎవరూ పెంచలేదు. పని చేయగలిగిందా లేదా అన్నదే చూశారు. అలాంటి కుక్క కనుమరుగవుతుంటే, మే నెల ఎండల్లో చలిదేశపు సెయింట్ బెర్నార్డ్‌ని ఏసీ గదిలో కట్టేసుకుంటున్నాం.

పెద్ద జాతి పెంచే బ్రీడర్ రెండేళ్లు నిండాక తుంటి ఎక్స్‌రే తీయించాలి. ఏటా గుండె స్కాన్ చేయించాలి. ఏడెనిమిదేళ్లు వచ్చినా గుండె గట్టిగా ఉన్న మగకుక్కనే వెతికి క్రాసింగ్ చేయించాలి. ఇది ఖర్చుతో, ఓపికతో కూడిన పని. దానికి తగ్గ ధర మనం ఇవ్వాలి.

భీముడు పోయిన రెండేళ్లకు మళ్లీ పప్పీ కోసం ఫోన్లు చేశాం. ఈసారి “వాళ్ల అమ్మమ్మ ఎన్నేళ్లు బతికింది, దేనితో పోయింది?” అని అడిగాను. ముగ్గురు జవాబే చెప్పలేదు. నాలుగో ఆవిడ ఇంటికి రమ్మని, అట్ట చిరిగిన లాంగ్ నోట్‌బుక్ తెచ్చి ముందు పెట్టారు. నాలుగు తరాల పుట్టిన తేదీలు, పోయిన తేదీలు, ఎదురుగా ఎర్ర ఇంకుతో కారణాలు. ఒక పేరు పక్కన “గుండె, 5 ఏళ్లు” అని ఉంది. ఆ కొమ్మ నుంచి తర్వాత ఒక్క పిల్లనీ తీయలేదట. “ఇప్పుడు పిల్లల్లేవండీ. మా ఆడకుక్కకి నాలుగో ఏడు రానివ్వండి, స్కాన్ చూసుకుని అప్పుడు చెబుతా” అన్నారు. పేరు రాయించుకుని వచ్చాం.